ఒక్క తలంటుకి పోతుందట

ఒక్క తలంటుకి పోతుందని
డబ్బా మీద రాసుందట.
చదివి చెప్పింది పక్కింటి ఇంటర్ కుర్రాడు,
నమ్మింది నేను.

శనివారం రాత్రి సెమీ క్రిస్మస్‌లో
మా కెజియా దేవదూత.
తెల్ల గౌను, అట్టముక్క రెక్కలు.
చెప్పాల్సింది ఒక్క ముక్క,
అదీ మర్చిపోయి
జనంలో నా కోసం వెతుక్కుంది.

దేవదూతకి బంగారం జుట్టుండాలని
పాలకొల్లు నుంచి తెప్పించిన డబ్బాతో
బుస్సుబుస్సుమని కొట్టేసింది డోర్కాసు టీచరు.
ఎవరు చూశారండీ
దేవదూత జుట్టు?
కేలండర్లో ఉంది, ఆయ్, అంతే.

తెల్లారి లేచేసరికి బంగారం కాదు,
ఎండిన కొబ్బరిపీచు మా పిల్ల నెత్తిన.
తలగడంతా పచ్చటి మరక.
తమ్ముడు దగ్గరికి రానంటాడు.
అద్దంలో చూసుకుని
"రేపు ఇలాగే వెళ్తే
సార్ బయట నిలబెడతారే అమ్మా" అని
అందుకుంది ఏడుపు.
ఆ వేళ ఆరాధన కూడా ఎగ్గొట్టాను.

మా బోరునీళ్ల సంగతి
నర్సాపురం దిగువ ఊళ్లకి చెప్పక్కర్లేదు.
సముద్రం ముందే వచ్చి కూర్చుంది గొట్టంలో.
షాంపూ పొట్లం చింపితే
నురగ రాదు, జిగురొస్తుంది.
ఒకటి, రెండు, మూడో పొట్లం.
పీట కింద నీళ్లు మాత్రం
పాత ఇత్తడి తోమినట్టు పారుతున్నాయి,
జుట్టు మటుకు అలాగే ఉంది.

నూకరత్నం గోడమీంచి తొంగి చూసి
కిరసనాయిలంది.
పోవే, నీ కిరసనాయిలు.
మా అత్త నిమ్మచెక్కంది.
మా ఆయన పంటు మీద డ్యూటీలోంచి ఫోన్లో
గుండు చేయించెయ్యి అన్నాడు,
వెనకాల ఇంజను చప్పుడు, ఎవరివో నవ్వులు.

"గుండొద్దు" అని రెండు చేతుల్తో
నెత్తి పట్టుకుంది కెజియా.
ఆ చేతులు రెండూ బంగారం.

అప్పుడు కొబ్బరినూనె గోరువెచ్చన చేసి
పాయ పాయ విడదీసి
కుదుళ్ల దాకా పట్టించాను.
గంట. కదలకుండా గంట.
ఈ రంగు నీళ్లకి లొంగదు,
నూనెకి లొంగుతుంది.
ఆ ముక్క రాయలేదు డబ్బా మీద.
పాత లుంగీ పీలికతో తుడుస్తుంటే
మెల్లగా గుడ్డలోకి దిగింది,
అలిగిన మనిషి మెట్టు దిగొచ్చినట్టు.

తర్వాత కుంకుడుకాయలు.
తర్వాత, తాగడానికి కొన్న
ఇరవై లీటర్ల మంచినీళ్ల టిన్ను.
మొత్తం.
చెంబు చెంబుకీ నా లెక్క నాకుంది.
"కళ్లు మండుతున్నాయమ్మా."
"మూసుకో."
"మూసుకున్నా మండుతున్నాయి."
"అయిపోయింది, అయిపోయింది."
అవ్వలేదు. అలా అంటూ ఉండాలి.

నాలుగో చెంబుకి పాపిట కనబడింది.
పదో చెంబుకి నలుపు.
ఇంత నల్లగా ఉంటుందా దీని జుట్టు?
రోజూ జడేసేదాన్ని నేనే,
ఎప్పుడూ చూసినట్టు లేను.

మధ్యాహ్నం అరుగు మీద ఎండలో
తల ఆరబెట్టుకుంటూ అడిగింది:
"నల్లజుట్టు దేవదూత ఉంటుందా?"
"ఉంటే ఏం?"
"అయితే నిన్న ఊరికే కొట్టారు కదా."
ఊరికేనే.

నా చేతులు చూసుకున్నాను.
గోళ్ల సందుల్లో, వేలి గీతల్లో, అదే రంగు.
శనివారానికి పన్నెండు లేసు చక్రాలివ్వాలి.
దారం పాలలా ఉండాలి,
మరక కనిపిస్తే ఏజెంటు పేరయ్య
మాట్లాడకుండా పక్కన పడేస్తాడు.
ఆ రోజంతా సూది ముట్టలేదు.
పిల్ల తల వొళ్లో పెట్టుకుని
చిక్కులు తీస్తూ కూర్చున్నాను.
కూలి పోయిందని గుర్తొచ్చింది,
చీకటి పడ్డాక.

గురువారం రాత్రి,
ఏడో చక్రం మధ్యలో, ముడి లోపల,
ఆవగింజంత మెరుపు.
విప్పాలంటే నాలుగు వరసలు.
బల్బుకి దగ్గరగా పెట్టి చూశాను,
దూరంగా పెట్టి చూశాను.
ఏ దేశంలోనో, ఏ బల్ల మీదో
ఎవరి పిల్లో గోటితో గోకి చూస్తుంది.
దాని జుట్టు అచ్చం ఈ రంగే కావచ్చు.

పేరయ్య కళ్లద్దాలు మార్చాలని
పోయిన నెల నుంచీ అంటున్నాడు.

ముడి బిగించి
ఎనిమిదోది మొదలెట్టాను.